గ్యాస్ బండలో ఇంకా గ్యాస్ ఉండగానే మంట ఎందుకు పడిపోతోంది?

పెద్దపొయ్యి:
10 కిలోవాట్ల పెద్ద బర్నర్ ఒకటి, దానికి ఒకటే ఎల్పీజీ బండ. బండ నిండుగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. 3 కిలోల దాకా మిగిలేసరికి మాత్రం, ఆపకుండా గంటసేపు వెలిగిస్తే మంట సగానికి పడిపోతోంది. అప్పుడు బండ అడుగుభాగం చెమ్మపట్టి బాగా చల్లగా ఉంటుంది, చలి ఎక్కువైతే తెల్లటి మంచు పొర కూడా కడుతుంది. అరగంట ఆపి వెలిగిస్తే మంట మళ్ళీ బాగానే వస్తుంది, కాసేపటికి మళ్ళీ తగ్గుతుంది. తూకం వేస్తే గ్యాస్ ఉంది.

ఇది రెగ్యులేటర్ లోపమా, గ్యాస్‌లో కల్తీయా? వేడినీళ్ళు పోయమని కొందరు, బండను పడుకోబెట్టమని ఇంకొందరు చెబుతున్నారు. అవి చేయొచ్చా? పనిలో పనిగా ఇంకొకటి: ఇదే పొయ్యిని పైపు గ్యాస్‌కి మార్చాలంటే ఏమేం మార్చాలి?

ఆవిరిపీడనం:
ఆపితే కోలుకుంటోంది అన్నారు కదా, దాంతోనే సగం తేలిపోయింది. బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్నరంధ్రపు జెట్ పూడుకుపోయినా, ట్యూబు నొక్కుకుపోయినా, రెగ్యులేటర్ పాడైనా అరగంట విశ్రాంతితో బాగుపడవు. మీ బండ చల్లబడుతోంది, అంతే. కల్తీ అనుకోనక్కర్లేదు.

బండలో ఉన్నది ద్రవం. బర్నర్‌కి వెళ్ళేది దాని పైన నిలిచిన ఆవిరి. మీరు ఆవిరిని లాగేకొద్దీ ద్రవం మరిగి ఆ లోటు పూడుస్తుంది, మరగడానికి కావలసిన వేడిని తనలోంచి, బండ ఉక్కులోంచి, చివరికి చుట్టూ ఉన్న గాలిలోంచి తీసుకుంటుంది. లెక్క చూడండి. కిలో ఎల్పీజీ కాలితే సుమారు 46 మెగాజౌళ్ల వేడి వస్తుంది. 10 కిలోవాట్లకు గంటకు దాదాపు 780 గ్రాములు కావాలి. కిలో ద్రవం ఆవిరి కావడానికి 360 కిలోజౌళ్లు పడుతుంది కాబట్టి గంటకు 280 కిలోజౌళ్లు, అంటే సుమారు 78 వాట్ల వేడి బండలోకి వస్తూ ఉండాలి. బండ నిండుగా ఉంటే ద్రవం ఎక్కువ, అది తాకే ఉక్కు ఎక్కువ, బయటి గాలికి తగిలే వైశాల్యమూ ఎక్కువ, అందుకే తట్టుకుంటుంది. 3 కిలోలే ఉంటే, ఆ ద్రవాన్నీ అది తాకిన అడుగు ఉక్కునీ కలిపి ఒక డిగ్రీ చల్లబరచడానికి 10 కిలోజౌళ్లు చాలు. బయటి నుంచి వేడి అసలు రాకపోతే గంటలో 28 డిగ్రీలు పడిపోవాలి. గాలి కొంత పూడుస్తుంది కనుక అంత పడదు, అయినా 15 నుంచి 20 డిగ్రీలు పడటం మామూలే. మంచు పొర ఎంత ఎత్తు దాకా కట్టిందో చూడండి, లోపల ద్రవం మట్టం అక్కడే ఉంటుంది.

చల్లబడితే మంట ఎందుకు తగ్గుతుందంటే, ఎల్పీజీ ఒకే పదార్థం కాదు, ప్రధానంగా ప్రొపేన్, బ్యుటేన్ అనే రెండు హైడ్రోకార్బన్ల మిశ్రమం. మూడు కార్బన్ల ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. నాలుగు కార్బన్ల బ్యుటేన్, గొలుసు తిన్నగా ఉన్న రకమైతే, మైనస్ 0.5 దగ్గర. ఒక్క కార్బన్ తేడాకి మరుగు స్థానం 40 డిగ్రీలు జరిగింది. 20 డిగ్రీల దగ్గర ప్రొపేన్ ఆవిరి పీడనం సుమారు 8.4 బార్ (ఒక బార్ అంటే దాదాపు బయటి గాలి పీడనమంత), బ్యుటేన్‌ది 2.1 బార్ మాత్రమే. సున్నా డిగ్రీలకు వస్తే బ్యుటేన్ పీడనం బయటి వాతావరణ పీడనంతో దాదాపు సమానమైపోతుంది, ఇక బయటికి నెట్టే బలమే ఉండదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రెండూ సగం సగం అణువులుగా ఉన్న ద్రవం పైన ఆవిరి సగం సగం ఉండదు. 20 డిగ్రీల దగ్గర ప్రొపేన్ వాటా 4.2 బార్, బ్యుటేన్ వాటా 1.05 బార్, అంటే ఆవిరిలో 80 శాతం ప్రొపేనే. పైనుంచి ఆవిరే పోతుంది కాబట్టి ముందుగా ఖర్చయ్యేది ప్రొపేన్, అడుగున మిగిలేది బ్యుటేన్. చివరి 3 కిలోలు మొదటి 3 కిలోల లాంటివి కావు. వేడి అందుకునే వైశాల్యం బాగా తగ్గే సమయానికే చలికి లొంగిపోయే బ్యుటేన్ మిగలడం వల్ల రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతున్నాయి.

బండ చివరికొచ్చాక వాసన ఘాటుగా రావడానికీ కారణం ఇదే. లీకు తెలియడానికి కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ 35 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అది ప్రొపేన్, బ్యుటేన్‌ల కన్నా నెమ్మదిగా ఆవిరవుతుంది కనుక అడుగున చిక్కబడుతుంది. అలాగని చివర్లో వచ్చే వాసనంతా ఇదేలే అని వదిలేయకండి, సబ్బునీళ్ళు పూసి చూసుకున్నాకే ఆ మాట అనుకోవాలి.

సబ్బునురగ:
లెక్క సరిపోయింది. చిట్కాల సంగతి నేను చెబుతాను, ఇక్కడ తప్పు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

బండను పడుకోబెట్టడం, తలకిందులు చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అప్పుడు వాల్వు దగ్గరికి ఆవిరికి బదులు ద్రవం వస్తుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. రెగ్యులేటర్ ఆవిరి కోసం చేసింది, ద్రవం దూరితే దాని తర్వాత పీడనం అదుపు తప్పి బర్నర్ దగ్గర మంట మనిషెత్తు లేస్తుంది. రెగ్యులేటర్ లోపలి రబ్బరు పొర కూడా చలికి బిగుసుకుపోతుంది.

మరిగే నీళ్ళు, మంట, హీటర్ కూడా వద్దు. బండను పూర్తిగా నింపకుండా 80 నుంచి 85 శాతం దగ్గర ఆపేది ద్రవం వ్యాకోచించడానికి చోటుండాలనే. ప్రొపేన్ ద్రవం 15 నుంచి 60 డిగ్రీలకు వెళ్తే ఆరో వంతుకు పైగా ఉబ్బుతుంది. ఆ ఖాళీ నిండిపోయాక ద్రవానికి నలిగే గుణం లేదు కాబట్టి పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఖాళీ అవుతున్న బండకు ఇది వర్తించదని వాదిస్తారు. అందులో నిజం ఉన్నా, వేడి చేసే అలవాటు పడిన చెయ్యి రేపు నిండు బండకూ అదే పని చేస్తుంది.

చేయదగినవి మూడు. అన్నిటికన్నా మేలైనది రెండు బండలను జంటగా కలపడం. వెనక్కి పోనివ్వని వాల్వులున్న పైపులతో కలిపి, రెండూ ఒకేసారి తెరవాలి. ఒక్కో బండ మీద భారం 78 నుంచి 39 వాట్లకు పడిపోతుంది. ఒకటి తెరిచి ఒకటి మూస్తే ఈ లాభం రాదు. రెండోది, 3 కిలోలు మిగలగానే ఆ బండను తీసి 2 కిలోవాట్ల చిన్న బర్నర్‌కి పెట్టుకోండి. దానికి గంటకు 160 గ్రాములు చాలు, బండలోకి 16 వాట్లు వస్తే సరిపోతుంది, చివరి గ్రాముల దాకా కాలుతుంది. మూడోది తాత్కాలికం: వెడల్పాటి తొట్టిలో చన్నీళ్ళు పోసి బండను నిలబెట్టండి. గది వేడిమికి ఉన్న నీళ్ళు చాలు, నీరు గాలి కన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడినిస్తుంది. గోరువెచ్చగా కావాలంటే 40 డిగ్రీలు దాటకూడదు. పనయ్యాక అడుగు రింగు తుడిచి ఆరబెట్టకపోతే తుప్పు మొదలయ్యేది అక్కడే.

మీ రెగ్యులేటర్ మీద గంటకు ఎన్ని కిలోలు ఇవ్వగలదో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి. 0.6 అని ఉంటే 10 కిలోవాట్ల బర్నర్‌కి నిండు బండతో కూడా చాలదు.

జెట్‌నంబర్:
పైపు గ్యాస్ ప్రశ్న నాకు వదిలేయండి.

పైపులో వచ్చేది చాలావరకు మీథేన్. ఒకే కార్బన్, మైనస్ 161.5 డిగ్రీల దగ్గర మరిగేది, అందుకే ఏ చలికీ పైపులో ద్రవం కాదు. ఇప్పుడున్న మీ కష్టం దాంతో ఉండదు. చిక్కంతా వేడి పరిమాణంలో ఉంది. ఒకే ఘనపరిమాణంలో ప్రొపేన్ మీథేన్‌కి రెండున్నర రెట్లు వేడినిస్తుంది, బ్యుటేన్ మూడు రెట్లకు పైగా. మీథేన్ తేలిక కనుక అదే రంధ్రంలోంచి ఎక్కువ దూకుతుంది, కాని ఆ ఎక్కువ ఈ లోటును పూడ్చలేదు. పైగా ఎల్పీజీ రెగ్యులేటర్ సాధారణంగా 30 మిల్లీబార్ దగ్గర ఇస్తుంది, పైపు గ్యాస్ పొయ్యి దగ్గర 20 మిల్లీబార్ ప్రాంతంలో ఉంటుంది. అన్నీ కలిపి లెక్కిస్తే, ఎల్పీజీ జెట్‌లోంచి పైపు గ్యాస్ వదిలితే సగం వేడే వస్తుంది. రంధ్రం వైశాల్యం రెట్టింపు చేయాలి, అంటే వ్యాసం సుమారు ఒకటిన్నర రెట్లు.

జెట్ మీద అంకె చెక్కి ఉంటుంది. చాలా తయారీల్లో అది మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క, 85 అంటే 0.85 మి.మీ. అక్కడ పైపు గ్యాస్‌కి 125 ప్రాంతంలోది పడుతుంది. కచ్చితమైన అంకె పొయ్యి తయారీదారు పట్టికలోంచే తీసుకోండి. డ్రిల్లుతో పాత జెట్‌నే పెద్దది చేసే పని మాత్రం పెట్టుకోవద్దు. రంధ్రం అంచున ఇత్తడి పొట్టు లేస్తే గ్యాస్ ధార పక్కకు తిరుగుతుంది, గొట్టంలోకి గాలిని సమంగా లాగదు, బర్నర్ ఒకవైపు నీలంగా మరోవైపు పసుపుగా మండుతుంది.

జెట్లు మార్చాక చేయాల్సినవి ఇవి. గాలి వచ్చే షట్టర్‌ను మళ్ళీ సర్దాలి: మంట కొనలు పసుపైతే గాలి చాలట్లేదు, మంట బర్నర్ మీంచి లేచి ఉస్సుమంటుంటే గాలి ఎక్కువైంది, లోపలి శంకువు అంచులు పదునుగా నీలంగా కనిపిస్తే సరిగ్గా ఉంది. నాబ్‌ను సన్నమంటకు తిప్పితే ఆరిపోకుండా ఉండేలా నాబ్ కింద ఉన్న చిన్న బైపాస్ మరను సర్దాలి, దీన్ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. తర్వాత ప్రతి బిగింపు దగ్గరా సబ్బునీళ్ళు.

తిరగేసి చేస్తే మరీ ప్రమాదం. పైపు గ్యాస్ జెట్లున్న పొయ్యికి ఎల్పీజీ తగిలిస్తే రెట్టింపు గ్యాస్ దూకుతుంది, గాలి చాలదు. ఒక ఘనపు మీటరు మీథేన్ కాలడానికి 9.5 ఘనపు మీటర్ల గాలి చాలు, ప్రొపేన్‌కి 24, బ్యుటేన్‌కి 31. పొడుగాటి పసుపు మంట, గిన్నె అడుగున మసి, వాటితో పాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్. కళ్ళు మండకపోయినా, తలనొప్పి మొదలైందంటే వెంటనే పొయ్యి ఆపి, కిటికీలు తెరిచి బయటికి రావాలి.

లీకు హెచ్చరిక పరికరం ఉంటే దాని చోటు కూడా మార్చాలి. ప్రొపేన్ గాలికి ఒకటిన్నర రెట్లు, బ్యుటేన్ రెండు రెట్లు బరువు, నేల మీద పాకుతాయి. మీథేన్ గాలిలో దాదాపు సగం బరువు, కప్పుకు చేరుతుంది. ఎల్పీజీకి నేల నుంచి 30 సెంటీమీటర్ల లోపు, పైపు గ్యాస్‌కి కప్పు కింద 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

పెద్దపొయ్యి:
చాలా ఉపయోగపడింది, ముగ్గురికీ ధన్యవాదాలు. రెగ్యులేటర్ సామర్థ్యం చూస్తాను, జంట బండల వైపే వెళ్తాను. ట్యూబు గురించి కూడా చెప్పండి. మామూలు రబ్బరు ట్యూబు కొన్నాళ్ళకు గట్టిపడి పగుళ్ళు వస్తోంది. జనరేటర్ కోసం పెట్రోలు పోసిన పల్చటి ప్లాస్టిక్ డబ్బా కూడా ఉబ్బింది. రెండూ ఒకే రకం గొడవలా అనిపిస్తున్నాయి.

పొడవుగొలుసు:
మీకు అనిపించింది నిజమే, మూలం ఒకటే. సహజ రబ్బరు కూడా హైడ్రోకార్బనే, ఐసోప్రీన్ గొలుసు. పాలిథిన్ కూడా అంతే. ఒకే జాతి పదార్థాలు ఒకదానిలోకి ఒకటి సులువుగా చొరబడతాయి. పెట్రోలు రబ్బరులోకి దూరి దాన్ని ఉబ్బిస్తుంది. ఎల్పీజీ రబ్బరులో మెత్తదనం కోసం కలిపిన నూనెలను మెల్లగా లాగేసుకుపోతుంది, అవి పోయాక మిగిలేది గట్టిపడి పగిలే తోలు. అందుకే గ్యాస్ ట్యూబు లోపలి పొర నైట్రైల్ రబ్బరుతో ఉండాలి. దాని గొలుసులో మధ్యమధ్య నైట్రోజన్ ఉన్న గుంపులుంటాయి, హైడ్రోకార్బన్లకు అవి అంత తేలిగ్గా చోటివ్వవు. ట్యూబు మీద ఏ గ్యాస్‌కి, ఏ పీడనానికి, ఎప్పటిదాకా అని అచ్చువేసి ఉంటుంది. తేదీ దాటితే పైకి బాగున్నా మార్చేయండి. ట్యూబును వేలి చుట్టూ వంచి వెలుతురులో చూస్తే వంపు బయటి అంచున వెంట్రుకవాసి గీతలు కనిపిస్తాయి, పగుళ్ళు మొదట పడేది అక్కడే.

పెట్రోలుకు పల్చటి డబ్బా పనికిరాదు. ఉబ్బడానికి రెండు కారణాలు: పెట్రోలు ఆవిరి పీడనం లోపల నెడుతోంది, గోడ పెట్రోలు పీల్చుకుని మెత్తబడింది. హెచ్‌డీపీఈ అనే గట్టిరకం పాలిథిన్‌తో మందంగా, ఇంధనం కోసమే చేసిన క్యాన్ వాడాలి. హెచ్‌డీపీఈలోంచి కూడా పెట్రోలు కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంది, అందుకే మంచి క్యాన్ల లోపలి గోడకు ఫ్లోరిన్ పట్టించడమో, మధ్యలో అడ్డుపొర పెట్టడమో చేస్తారు. పెట్ నీళ్ళ సీసా పెట్రోలుకు కరగదు, దాన్ని చూసి చాలామంది అది సురక్షితమని భ్రమపడతారు. గోడ పల్చన, మూత ఆవిరిని ఆపలేదు, పడితే పగులుతుంది, పైగా నీళ్ళనుకుని ఎవరైనా తాగొచ్చు. పాలిస్టైరీన్ గ్లాసులో పోస్తే మీ కళ్ళముందే అడుగు జిగురుగా మారి కారిపోతుంది.

క్యాన్ నింపేటప్పుడు నేల మీద పెట్టి నింపండి, బండి డిక్కీలో ఉంచి వద్దు. నేల తగిలితేనే స్థిరవిద్యుత్తు దిగిపోతుంది. పైన చోటు వదలాలి. పెట్రోలు డిగ్రీకి సుమారు వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది, 20 లీటర్ల క్యాన్ 25 డిగ్రీలు వేడెక్కితే అర లీటరు పెరుగుతుంది.

ఇంకో మాట. పెట్రోలు, కిరసనాయిలు ఒకే రంగు డబ్బాల్లో పక్కపక్కన పెట్టకండి. కిరసనాయిలు 38 డిగ్రీలు దాటితే గాని నిప్పంటుకునేంత ఆవిరి ఇవ్వదు. పెట్రోలు మైనస్ 40 దగ్గరే ఇస్తుంది. కిరసనాయిలులో కొంచెం పెట్రోలు కలిసినా ఆ మిశ్రమం గది వేడిమికే ఆవిరి వదులుతుంది, ఒత్తి పొయ్యిలో పోస్తే ట్యాంకే మంట అవుతుంది.

డ్రమ్ముకొలిమి:
పాలిథిన్ కూడా హైడ్రోకార్బనే అన్నారు కదా. పాత సంచులను డ్రమ్ములో కాచి డీజిల్ తీసే వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఆ డీజిల్ జనరేటర్‌లో పోయొచ్చా?

పొడవుగొలుసు:
రసాయనం నిజం, డ్రమ్ముతో చేసేది మాత్రం ప్రాణాంతకం. కొవ్వొత్తి మైనంలో ఒక్కో గొలుసుకు 20 నుంచి 40 కార్బన్లు, పాలిథిన్‌లో వేలు. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ అనే రసాయన సంస్థ ప్రయోగశాలలో పాలిథిన్ మొదట కనిపించింది కూడా మైనంలాంటి తెల్లటి ముద్దగానే. గాలి తగలకుండా 400 డిగ్రీలు దాటించి కాస్తే ఆ గొలుసులు తెగుతాయి. ఎక్కడపడితే అక్కడ తెగుతాయి, చిక్కంతా అక్కడే. గ్యాస్, పెట్రోలు, డీజిల్, మైనం అన్నీ కలిసి వస్తాయి.

ముందుగా ఎదురయ్యేది మైనమే. చల్లబరిచే గొట్టంలో అది గడ్డకట్టి దారి మూసేస్తుంది, వెనకాల డ్రమ్ములో ఆవిరి పేరుకుంటుంది, కింద మంట మండుతూనే ఉంటుంది. డ్రమ్ము మూత పేలితే బయటికొచ్చేది 400 డిగ్రీల ఆవిరి, గాలి తగలగానే భగ్గుమంటుంది. సంచుల్లో పీవీసీ ముక్క కలిస్తే, దాని బరువులో సగానికి పైగా క్లోరినే కనుక హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరై వస్తుంది, ఊపిరితిత్తులనూ ఉక్కునూ కలిపి తినేస్తుంది. పెట్ సీసా ముక్కలు పడితే టెరెఫ్తాలిక్ ఆమ్లం పొడిగా పేరుకుని అదే గొట్టాన్ని ఇంకో రకంగా మూస్తుంది.

ఇవన్నీ దాటి చేతికొచ్చిన ద్రవం కూడా డీజిల్ కాదు. అందులో పెట్రోలు భాగం ఉంటుంది కనుక గది వేడిమికే నిప్పంటుకుంటుంది, మామూలు డీజిల్ అయితే 50 డిగ్రీలు దాటాలి. జంట బంధాలున్న అణువులు ఎక్కువ, నిల్వ ఉంచితే వారాల్లో ముదురు గోధుమరంగుకు తిరిగి జిగురు కడుతుంది, ఇంజెక్టర్ల సన్నరంధ్రాల్లో అంటుకుంటుంది. కర్మాగారాల్లో దీన్ని మళ్ళీ స్వేదనం చేసి, హైడ్రోజన్ పట్టించి, మైనం తీసేసి అప్పుడు వాడతారు. మీ దగ్గర పాలిథిన్ పేరుకుపోతే వాటి మీద త్రికోణం గుర్తులో 2, 4 అంకెలున్నవి, పాలీప్రొపిలీన్ అయితే 5 అంకెవి వేరు చేయండి. అంకె చెరిగిపోతే ముక్కను నీళ్ళలో ముంచండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి, పెట్, పీవీసీ మునుగుతాయి. అలా వేరుచేసి కడిగిన సరుకును కరిగించి మళ్ళీ అచ్చుపోసేవాళ్ళు తీసుకుంటారు. గొలుసు తెంచకుండా పని జరుగుతుంది, హెచ్‌డీపీఈ 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

సబ్బునురగ:
పెద్దపొయ్యి గారూ, జంట బండలు పెట్టేటప్పుడు ఒక్కటి చూసుకోండి. రెండు బండలూ ఒకే మట్టం మీద, ఒకే నీడలో ఉండాలి. ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఉంటే వెచ్చటి బండే ముందు ఖాళీ అవుతుంది, వెనక్కి పోనివ్వని వాల్వు లేకపోతే దాని ఆవిరి చల్లటి బండలోకి పోయి అక్కడ ద్రవంగా మారుతుంది. అలా ఆ బండ 85 శాతం దాటి నిండే ప్రమాదం ఉంది. బిగించాక రెండు బండలూ తెరిచి, బర్నర్ ఆపే ఉంచి, ప్రతి అతుకు దగ్గరా సబ్బునురగ పూసి రెండు నిమిషాలు చూడండి. బుడగ నెమ్మదిగా పెరిగినా అది లీకే.